డెన్మార్కు కథలో మనము చెప్పని సగము

సహకార సంఘముల వార్షిక సభలలో ఉపన్యాసకుడు లేచిన కొలది నిముసములకే డెన్మార్కు పేరు వినబడుట మన సభ్యులకు క్రొత్త గాదు. అది చిన్న దేశము, చలి దేశము, గనులు లేని దేశము. ఐనను అచ్చటి రైతులు పాల సంఘములు పెట్టుకొని, ఇంగ్లండునకు వెన్న నమ్మి బాగుపడిరి. కావున మీరును అట్లే చేయుడు. ఇంతటితో ఆ కథ ముగియును. మేమును వ్యవసాయ ప్రదర్శకులమై ఊరూర దిరుగుచు ఈ కథను ఎన్నిమారులు చెప్పియుందుమో లెక్కలేదు. చప్పట్లును బాగుగనే పడెడివి.

గడచిన వేసవిలో కృష్ణా జిల్లాలోని యొక గ్రామమున ఈ కథనే చెప్పి, సభ ముగిసిన పిమ్మట పచ్చిమేతను పాతర వేయు విధానమును చూపుటకై దొడ్డివైపు పోవుచుంటిమి. అచ్చటి యొక మోతుబరి యింట చిరకాలముగా పాలేరుతనము చేయుచున్న పెద్దమనిషి మా ప్రక్కకు వచ్చి, “బాబూ, ఆ దేశంలో పాలు పితికినోడికి గూడా సంఘంలో చెయ్యెత్తే హక్కుందా, గొడ్లున్నోడికేనా?” అని యడిగెను. అచ్చట పశువుల లెక్కను బట్టి గాక మనిషికొక్క వోటే యని మేము కొంత గర్వముగనే చెప్పితిమి. “మనిషంటే ఎవరు బాబూ?” అని యాతడు మరల నడిగెను. మాకు జవాబు తోచలేదు. పాతరలో మేతను గాలి మిగులకుండ త్రొక్కవలయునని చెప్పుచు మాట మార్చితిమి.

ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేయగా, మేము ఇన్నేండ్లుగా చెప్పుచున్నది సగము కథయే యని తేలినది. తక్కిన సగమును ఈ పత్రికాముఖమున సభ్యులకు మనవి చేయదలచితిమి. మా యభిప్రాయమును మొదటనే చెప్పుట మంచిది. డెన్మార్కు రైతును పైకి దెచ్చినది వెన్నయే. కాని ఆ దేశము కూలిపోకుండ నిలిచినది రైతు సంఘమును కూలి సంఘమును ఒకే బల్లయొద్ద కూర్చుండి లెక్క చూచుకొనుటవలన. ఆ బల్లయొద్దకు చేరుటకు వారికి పాల సంఘము పుట్టిన తరువాత అర్ధ శతాబ్దము పట్టినది. అంత జాగేల జరిగెనో విచారించుట మనకవసరము.

మాకు డెన్మార్కు పేరు మొదట తెలిసినది మిషను పాఠశాలలో. 1706లో జీగెన్‌బాల్గు దొర డెన్మార్కు రాజు పంపగా తరంగంబాడి రేవున దిగెనని మా ఉపాధ్యాయుడు చెప్పెడివాడు. 1620 మొదలు 1845 వరకు ఆ రేవు డేనులదే. దూరదేశమున కోటలు కట్టుకొన్న ఆ రాజ్యములో ఇంటియొద్ద రైతు స్థితి ఎట్లుండెనో మా ఉపాధ్యాయుడు చెప్పలేదు. 1733 నుండి అచ్చట నొక కట్టుబాటు గలదు. రైతుకుటుంబమున బుట్టిన మగవాడు తాను బుట్టిన జమీందారు భూమిని విడిచిపోరాదు. 1764 తరువాత ఈ కట్టు 4వ యేటనుండి 40వ యేటివరకు వ్యాపించెను. నాలుగేండ్ల పిల్లవాడు జమీందారునకు లెక్కలోని ఆస్తి! 1788లో ఈ కట్టును తెంచు శాసనము పుట్టి, క్రమముగా 1800 నాటికి అందఱికి విడుదల కలిగెను. పెద్దకారు రైతులు తమ కమతములను కొనుక్కొని స్వతంత్రులైరి. కాని వారి ప్రక్కనే ఒక గుడిసె, కొలది నేల మాత్రము గల చిన్నకారు జనము, ఇతరుల యిండ్లలో జీతమునకు కుదురు సేవకజనము మిగిలిపోయిరి. కట్టు తెగిన నాడే రైతుజాతి రెండుగా చీలినదని మా తలంపు.

1849 జూన్ 5వ తేదీని ఆ దేశమునకు రాజ్యాంగము వచ్చెను. ఆ కాలమునకు అది మిక్కిలి ఉదారమైనదని పేరు. వోటు ఎవరికి? ముప్పదియేండ్లు నిండి, స్వంత యిల్లు నడుపుకొను మగవానికి. ఇతరుని యింట జీతముండు సేవకునకు లేదు, ధర్మసహాయము పుచ్చుకొన్న బీదకు లేదు, స్త్రీకి లేదు. మా పాలేరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇచ్చటనే దొరకినది. అచ్చటి పల్లెలలో పాలు పితుకుట పనికత్తెల పని. స్త్రీయైనందుకు ఒకటి, సేవకురాలైనందుకు ఒకటి, రెండు విధముల ఆమె లెక్కకు వెలియయ్యెను.

1864లో ప్రష్యా, ఆస్ట్రియాలతో యుద్ధము వచ్చి డెన్మార్కు ఓడిపోయెను. ష్లెస్విగు, హోల్‌స్టైను, లావెన్‌బుర్గు అను మూడు సీమలు చేజారెను. ఓడిన దేశములో మోతుబరులు బలపడుట వింత గాదు. 1866లో రాజ్యాంగము సవరింపబడి, పై సభయగు లాండ్స్‌టింగులో పెద్ద పన్నులు చెల్లించువారికి హెచ్చు బలము గలిగెను. సామాన్య రైతుల కక్షి క్రింది సభలో నెగ్గుచున్నను, ఎస్ట్రుప్ అను భూస్వామి 1875 నుండి 1894 వరకు ప్రధానియై, తుదకు బడ్జెట్టును సైతము తాత్కాలిక శాసనములతో నడపెను. క్రింది సభలో మెజారిటీగల కక్షికే మంత్రివర్గము దక్కుటకు 1901వ సంవత్సరము రావలసివచ్చెను. ఈ మధ్యకాలములోనే పాల సంఘములు పుట్టినవని గుర్తుంచుకొనవలయును. రాజ్యము చేతికి రాని రైతులు కవ్వమునైన తమ చేతిలో నుంచుకొనిరి.

ఆ సంఘముల పుట్టుక మనవారికి కొంత విపులముగ తెలియదగినది. 1870వ దశకమునుండి అమెరికా, రష్యాల ధాన్యము ఓడలలో వచ్చి ఐరోపా రేవుల బడుటచే గోధుమ, బార్లీ ధరలు పడిపోయెను. జర్మనీ మొదలగు దేశములు దిగుమతి సుంకము వేసి తమ రైతును కాపాడుకొనెను. డెన్మార్కు అట్లు చేయక, ఆ చవుక ధాన్యమునే కొని పశువులకు బెట్టి, వెన్నగను పందిమాంసముగను మార్చి యమ్మ మొదలుపెట్టెను. కాని చిన్న రైతు వెన్నకు బజారులో విలువ లేదు. పది యిండ్ల మీగడ పది రుచులతో నుండును. పెద్ద ఎస్టేటుల వెన్నకే మంచి ధర. 1878లో స్వీడనువాడగు డి లావల్ కనిపెట్టిన, తిరుగుడు బలముతో మీగడ తీయు యంత్రము ఈ చిక్కును విప్పినది. పాలను గంటల తరబడి నిలువనీయక, చిన్నవాని పాలు, పెద్దవాని పాలు కలిపి అప్పటికప్పుడు మీగడ తీయవచ్చును. 1882లో పశ్చిమ జట్లండులోని హ్యెడ్డింగ్ అను పల్లెలో మొదటి సహకార పాలశాల ఏర్పడెను.

దాని యేర్పాటు ఇట్టిది. ఇంటివాడుకకు బోగా మిగిలిన పాలన్నియు సంఘమునకే పోయవలయునని కొన్నియేండ్లకు ఒడంబడిక వ్రాయుదురు. యంత్రమునకు, కట్టడమునకు అప్పు తెత్తురు. ఆ యప్పునకు సభ్యులందఱు కలిసియు విడివిడిగను బాధ్యులు. వెన్న తీసిన పాలు తిరిగి రైతునకే చేరి పందుల కుడితిలో పడును. లాభము పోసిన పాలను బట్టి పంచుదురు. వెన్న శాతమును బట్టి ధర కట్టుట కొంత తరువాత వచ్చినది. వోటు మాత్రము పోసిన పాలను బట్టి గాక సభ్యునికొక్కటియే. తలలను లెక్కింపుము, పశువులను గాదు అను లోకోక్తి ఆ భాషలో నేటికిని వాడుకలో గలదు. ఒక యావు గలవానికిని నూరు గలవానికిని ఒకే చేయి! 1900 నాటికి ఇట్టి పాలశాలలు వేయికి పైబడెను. 1887లో జర్మనీ డెన్మార్కు పందులను రానీయక తలుపు మూయగా, ఆ యేడే హోర్సెన్స్ పట్టణమున సహకార మాంసశాల యేర్పడి, ఉప్పుపెట్టిన మాంసము ఇంగ్లండునకు సాగెను. తలుపు మూసినవారిని తిట్టుచు కూర్చుండలేదు.

ఇంతవరకు మనకు తెలిసిన కథయే. ఇందులో ఏ మాటయు అబద్ధము గాదు. కాని తలలను లెక్కించినవారు ఎవరి తలలను లెక్కించిరి? పాలు పోసినవారివి. పితికినవారివి గావు. తమకు రాజ్యములో వోటు చాలదని ఎస్ట్రుప్‌తో ఇరువదియేండ్లు పోరాడిన రైతులే తమ దొడ్డిలోని పనివానిని ఆ లెక్కలోనికి రానీయలేదు. దీనిని మేము ద్రోహమనము. కన్నునకు దగ్గఱగా నున్నది కానరాదు. మన కమతములలోను అంతే.

ఇక పట్టణముల సంగతి. 1871లో లూయీ పియో అను యువకుడు కోపెన్‌హేగెనులో కార్మికులను కూడగట్టెను. మరుసటి యేడు తాపీపనివారు పని గంటలు తగ్గింపుమని సమ్మె కట్టిరి. వారికి తోడుగా 1872 మే 5వ తేదీని బయలు మైదానమున సభ చేయుదుమని పియో ప్రకటింపగా, పోలీసులు సభను నిషేధించి, ఆతనిని, బ్రిక్స్, గెలెఫ్ అను సహచరులను ముందే పట్టుకొనిరి. ఐనను వచ్చిన జనముపైకి గుఱ్ఱపు దళమును తోలిరి. పియో చెఱనుండి వచ్చిన పిమ్మట 1877లో అమెరికాకు వెడలిపోయెను. ఆ పోకకు వెనుక పోలీసులిచ్చిన సొమ్ము గలదు. ఉద్యమమునకిది సిగ్గుచేటైన దెబ్బ. కాని ఉద్యమము నాయకుని సామానుతో కూడ ఓడ యెక్కలేదు. 1884లో ఇద్దఱు కార్మిక ప్రతినిధులు క్రింది సభకు ఎన్నికైరి.

1896లో యజమానులు తమ సంఘమును, 1898లో కార్మికులు తమ సంఘముల సమాఖ్యను స్థాపించుకొనిరి. రెండు బలములును కూడిన పిమ్మట ఘర్షణ తప్పునా? 1899 వేసవిలో జట్లండు పట్టణములలో వడ్రంగుల తగవుతో మొదలై, యజమానులు దేశమంతట పనులకు తాళములు వేసి సుమారు 40,000 మందిని వెలుపల నిలిపిరి. దీనినే లాకౌటు అందురు. మూడు నెలలకు పైగా పట్టుదల సాగి, సెప్టెంబరు 5వ తేదీని ఒడంబడిక కుదిరెను. పనిని నడపు హక్కు యజమానిదని కార్మికులును, సంఘము కట్టు హక్కు కార్మికులదని యజమానులును ఒప్పుకొనిరి. సమ్మెకైనను లాకౌటుకైనను సభలో నాలుగింట మూడుపాళ్ళ వోట్లు కావలయును. 14 దినముల ముందొకమారు, 7 దినముల ముందు మరియొకమారు ఎదుటివారికి తెలియజేయవలయును. తెలియజేయుటలో ఏమున్నదని కొందఱు నవ్వవచ్చును. రెండు వారముల వ్యవధిలో ఎన్ని కోపములు చల్లారునో సంసారము చేసినవారికి చెప్పనక్కరలేదు. 1910లో ఒడంబడికల తగవులకు శాశ్వత న్యాయస్థానమే యేర్పడెను.

పల్లెలోని కూలికి మాత్రము ఈ ఒడంబడిక నీడ దూరముగనే యుండెను. ఐనను 1899లోనే వేఱొక చట్టము పుట్టి, వ్యవసాయ కూలీలు కొలదిపాటి నేల కొనుక్కొనుటకు ప్రభుత్వపు అప్పు దొరకసాగెను. చిన్నకారు రైతులు తమ సంఘములు వేఱుగా పెట్టుకొనిరి. భూమి విలువ పెరుగుట ఏ యొక్కని కష్టమును గాదు, కావున పన్ను ఆ విలువపైననే పడవలయునని 1902లో క్యోగె పట్టణమున తీర్మానించిరి. 1915 రాజ్యాంగముతో స్త్రీలకును ఇంటి సేవకులకును వోటు వచ్చెను. హ్యెడ్డింగు పాలశాల యంత్రము తిరిగిన 33 సంవత్సరములకు గాని, ఆ పాలు పితికిన పనికత్తె మనిషియని రాజ్యము లెక్కవేయలేదు!

వోటు వచ్చినంతనే నేల కదలినది. 1919 అక్టోబరు చట్టములచే, వంశపారంపర్యముగ చీలరాని యెస్టేటులు విలువలో నాలుగవవంతు రాజ్యమునకు చెల్లించి, భూమిలో మూడవవంతువరకు పరిహారముపై విడువవలసివచ్చెను. మతాచార్యుల మాన్యములును చిన్న కమతములుగా పంచబడెను. ఇందలి విశేషమేమనగా, క్రొత్తవాడు నేలను కొననక్కరలేదు. భూమి విలువపై ఏటేట వడ్డీవంటి కట్టుబడి చెల్లించిన చాలును. మిషను సొమ్ముతో చదువుకొన్న మాకు పాదిరీల మాన్యములు పంచబడిన మాట చదువునప్పుడు కొంచెము బెరుకు కలిగినది. వెంటనే అది న్యాయమే యనిపించినది. సేవకుని యజమాని సొత్తువలె చూచిన 1854 నాటి సేవకజన చట్టమును 1921లో తొలగించిరి.

1924లో స్టౌనింగ్ అను సోషల్ డెమోక్రాటు ప్రధాని యయ్యెను. ఆతడు మొదట చుట్టల కార్ఖానాలో చుట్టలు ఏరి వేఱుచేయు కూలి. 1929లో మరల అధికారమునకు వచ్చు వేళకే లోకమంతట ధరలు కూలిపోవుట మొదలయ్యెను. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచెను. 1932లో ఒట్టావాలో సామ్రాజ్య దేశములతో ఒడంబడికలు చేసికొని, పరదేశపు సరకులకు అడ్డము పెట్టెను. ఒక్క గిరాకీదారుని నమ్ముకొన్న డెన్మార్కునకు ఇది కఱవువంటిది. వెన్న ధర పడెను, మాంసము ధర పడెను, అప్పు మాత్రము పడలేదు. కమతములు వేలమునకు వచ్చెను. పట్టణములలో 1933 జనవరి నాటికి భీమాగల కార్మికులలో నూటికి 40 మందికి పైగా పనిలేనివారు. ఇట్టి సమయమున యజమానుల సంఘము కూలిలో అయిదవవంతు కోత కోరుచు, ఫిబ్రవరి 1వ తేదీనుండి లాకౌటు చేయుదుమని నోటీసిచ్చెను.

ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింతము. రైతునకు ఏమి కావలయును? నాణెపు విలువ తగ్గవలయును. అప్పుడు ఇంగ్లండు పౌనునకు హెచ్చు క్రోనులు చేతికి వచ్చును. కార్మికునకు నాణెపు విలువ తగ్గుట సమ్మతము గాదు; దిగుమతి సరకులు ప్రియమగును. కార్మికునకు కావలసినది కూలి తగ్గకుండుట, పనిలేనినాడు పస్తుండకుండుట. దీనికి రైతు సమ్మతింపడు. పన్ను తన నెత్తిన పడునని భయము. క్రింది సభలో స్టౌనింగునకు రాడికల్ కక్షితో కలిసి బలము గలదు గాని, పై సభలో లేదు. అచ్చట రైతుల వెన్‌స్ట్రే కక్షి తల యూపకున్న ఏ చట్టమును గడప దాటదు. ఇరువురిలో ఎవడును రెండవవాని నోడించి తన కోరిక సాధింపలేడు. దేశమును ముంచుటకు మాత్రము ఇరువురికిని శక్తి గలదు.

1933 జనవరి 30వ తేదీని కోపెన్‌హేగెనులో కాన్స్లర్‌గాడె అను వీథిలో నున్న స్టౌనింగు ఇంటియొద్ద మూడు కక్షులవారు తుది ఒప్పందమునకు వచ్చిరి. లాకౌటును, సమ్మెను ఒక యేడు చట్టముచే ఆపి, ఉన్న కూలి రేట్లనే పొడిగించిరి. పూర్వము పౌనునకు 18 క్రోనుల చిల్లరగా నుండిన రేటును 22 క్రోనుల 50 గా నిర్ణయించిరి. రైతునకు ఆస్తిపన్నులో తగ్గింపు, అప్పుల వడ్డీలో సదుపాయము, అమ్ముడుపోని పశువులకై సహాయము కలిగెను. దీనికి బదులుగా వెన్‌స్ట్రేవారు స్టెయింకె మంత్రి యెన్నాళ్ళుగనో పట్టుకొని తిరుగుచున్న సంఘసంస్కరణ చట్టములకు అడ్డము రామనిరి. ఏబదికి పైబడిన చిల్లర చట్టములను 4 చట్టములుగా గూర్చి, వ్యాధికి, ప్రమాదమునకు, నిరుద్యోగమునకు, ముసలితనమునకు సహాయము పొందుట హక్కని ఆ సంస్కరణము పలికెను. సహాయము పుచ్చుకొన్న బీదవాడు వోటు గోలుపోవుననెడి పాత యవమానము చాలవరకు తొలగిపోయెను.

అదే దినమున ప్రక్క దేశమగు జర్మనీలో హిట్లరు ఛాన్సలరు పీఠ మెక్కెను. అచ్చటను పడిన ధరలే, పనిలేని జనమే, వేలమునకు వచ్చిన కమతములే. ఈ రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి చూచినప్పుడు మాకు కలిగిన యాలోచనను సభ్యులే యూహింపగలరు.

ఆ ఒప్పందము దోషరహితమని మేము చెప్పము. ఆకలిగొన్న జనము పట్టణములలో నుండగా, ధర నిలుపుటకై ప్రభుత్వ వ్యయముతో పశువులను చంపి పాడుచేయించుట చూచువారికి కడుపు మండు పని. కూలి రేటును చట్టముతో పొడిగించుటవలన కార్మికుడు తన సమ్మె హక్కును ఒక యేడు తాకట్టు పెట్టినట్లయ్యెను. రైతులలోను అందఱు తృప్తిపడలేదు. 1935 జూలైలో వేలకొలది రైతులు రైళ్ళలోను ఓడలలోను రాజధానికి పోయి రాజునకే మొఱపెట్టుకొనిరి. ఆయన మీ మంత్రులతో చెప్పుకొనుడనెను. అప్పుడు అసంతృప్తులలో కొందఱు జర్మనీ త్రోవను మెచ్చుకొనుచుండిరనుటయు నిజమే. ఐనను అత్యధిక సంఖ్యాకులు ఆ త్రోవ బట్టలేదు. ఎందుచేత? ఏ రైతునకును తన మాట చెల్లలేదని తోచలేదు. ఏ కూలికిని తన మాట వినలేదని తోచలేదు. సగము మాట చెల్లినది. సంసారములకైన రాజ్యములకైన సగము మాట చెల్లుట చిన్న సంగతి గాదు.

ఇంకొక చిన్న మాట. వేయికి పైబడిన ఆ పాలశాలలు ఇప్పుడు లేవు. ఒకదానిలో ఒకటి కలిసి కలిసి, 2000లో స్వీడను సంఘముతో కూడ కలిసి, డెన్మార్కు పాలలో ఎక్కువ భాగము ఏడు దేశముల రైతులు సభ్యులుగా గల యొకే సంస్థకు పోవుచున్నవి. దొడ్లలో పని చేయువారు అనేకులు ఉక్రెయిను, రొమేనియా మొదలగు దేశములనుండి వచ్చినవారు. మా పాలేరు వేసిన ప్రశ్న అచ్చటను మరల తల యెత్తుచున్నదని దీనినిబట్టి తెలియుచున్నది.

ఇక మన సంగతి. మన సంఘములలోను మనిషికొక్క వోటే. మనిషి యెవడు? పట్టాదారు పాసుపుస్తకము గలవాడు. నేలను దున్ని, నాటి, ఎరువు వేసి, కోసి, కౌలు కొలిచి, మిగిలినది ఇంటికి తెచ్చుకొను కౌలుదారు అనేక చోట్ల సంఘము గడపయొద్దనే నిలిచియున్నాడు. పంట అప్పు పట్టాపై యజమాని పేరున పుట్టును. పంట పెట్టుబడి కౌలుదారు ఎరువుల దుకాణములో హెచ్చు వడ్డీకి తెచ్చును. తుపాను వచ్చి పంట పోయిననాడు పరిహారము పట్టాను వెదకుకొని పోవును. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులనిచ్చు చట్టము వచ్చెను. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చి, 11 నెలల ఒప్పందమును, దానిపై యజమాని సంతకమును కోరెను. ఆ సంతకమునొద్దనే అనేకుల బండి నిలిచిపోయినది. సంతకము చేసిన భూమి పోవునేమోయని యజమాని భయము. చట్టములో అట్టిది లేదని మేము చెప్పిచూచితిమి. భయము చట్టము చదువదు.

సంఘముల పెద్దలు మాతో చెప్పు ఆక్షేపణ వేఱొకటి గలదు. కౌలుదారు ఈ యేడు ఈ పొలమున, వచ్చే యేడు ఏ పొలముననో. ఆతని యప్పునకు హామీ యెవరు? ఇది త్రోసివేయదగిన మాట గాదు. సంఘపు సొమ్ము అందఱిది. కాని హ్యెడ్డింగు రైతులు పాలశాలకు అప్పు తెచ్చుకొన్నది ఏ యొక్కని ఆస్తి చూపియు గాదు. అందఱి ఉమ్మడి బాధ్యత చూపి. మన నాబార్డువారి ఉమ్మడి బాధ్యతా బృందముల పద్ధతి దీనికి చుట్టమే. అయిదారుగురు కౌలుదారులు ఒకరికొకరు పూచీపడి వచ్చినప్పుడు, వారి ఇరుగుపొరుగులైన సంఘసభ్యులకు వారి నడవడి బ్యాంకు మేనేజరు కంటె బాగుగ తెలియును. తెలియదని చెప్పు సభ్యుడుండిన అతడు ఆ యూరివాడు గాడు.

కూలీల విషయమున మా సూచన ఇంకను చిన్నది. ఏటేట నాట్లవేళను, కోతలవేళను రేటు తగవుగనే తేలుచున్నది. నారు ముదురుచుండగా, కాలువ నీరు వంతు దాటిపోవుచుండగా, గట్టుమీద నిలువబడి అరచుకొందురు. ఒకనాడు రైతు నష్టపడును, ఒకనాడు కూలి నష్టపడును, మాట మిగిలిపోవును. 14 దినముల ముందు తెలియజేయు డేనుల పద్ధతిని మనమేల అవలంబింపరాదు? నారుమడి పోసిన దినముననే సంఘపు కమిటీవారును, నాట్లు వేయు ముఠాలవారును, వారిలో స్త్రీలే హెచ్చు గనుక వారి మేస్త్రమ్మలును కూర్చుండి, ఎకరమునకు రేటెంత, పూట ఎంత, వాన వచ్చి పని నిలిచిన ఏమి చేయవలయునని మాటాడుకొన్నచో ఎవరి సొమ్మును పోదు.

పై గ్రామ సంఘమువారికి ఈ సంగతి వ్రాసితిమి. రాబోవు సార్వాకు ముందు ఒకమారు జరిపి చూతుమని ఒప్పుకొనిరి. తగవు చోటు విషయములో మాత్రము వచ్చినది. సంఘ భవనములో జరుపుదుమని కార్యదర్శిగారును, రావిచెట్టు క్రింద నైననే వత్తుమని ముఠాలవారును అనుచున్నారు. కారణమేమని విచారింపగా, చెట్టు క్రింద ఐతే అందఱు కూర్చుందురు, భవనములో ఐతే తాము నిలువబడవలసి వచ్చునని మా పాలేరే చెప్పి పంపెను. భవనములో ఎన్ని కుర్చీలున్నవో తెలుపుడని కార్యదర్శిగారికి జాబు వ్రాసితిమి. ప్రత్యుత్తరము రావలసియున్నది.